నీళ్ళ భాగం

సరంగు మామ పోయాడని పోయిన నెల ఒక ఉదయం ఫోను వచ్చింది. చేసింది రేవు దగ్గర టీకొట్టు నడిపే ఆయన.

"మేడం, మన సరంగు పోయిండు. రాత్రి మంచిగనే తిన్నడట. తెల్లారి లేపితే లేవలే," అన్నాడు.

నేను అప్పుడు ఖమ్మంలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. ఫోను పెట్టేశాక ముందుగా నాకు దుఃఖం కలిగిందని రాయాలని ఉంది. కానీ ముందు కలిగింది తేలిక. 'ఇక ఆ సంగతి తెలిసిన మనిషి నేను తప్ప ఎవరూ లేరు' అనుకున్నాను. మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. ఏడుపు చాలాసేపటికి గానీ రాలేదు.

ఆయన గురించి మంచి మాటలు రాయడానికి ఆ ఏటి ఒడ్డున నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరికీ రాయడం రాదు. రాయడం వచ్చిన నేను ఏం రాశానో, ఏం రాయలేదో చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు.

మాది దమ్మపేట. మా నాన్న మణుగూరు అవతల గోదావరి గట్టు మీద ఉన్న చిన్న వాతావరణ కేంద్రంలో పనిచేసేవాడు. ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆ కొలువు నాకిచ్చారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న ఇద్దరు తమ్ముళ్ళు. కేంద్రం అంటే రెండు గదులు, ఆవరణలో ఉష్ణమాపకాలు పెట్టిన తెల్ల చెక్కపెట్టె, వాన కొలిచే పాత్ర, స్తంభం మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే బాణం. రోజూ పొద్దున పై ఆఫీసు నుంచి ఫ్యాక్సులో ఈ ప్రాంతమంతటి వాతావరణ సూచన వచ్చేది. దానికి మా లెక్కలు జోడించి, తెలుగులో ఒక కాగితం రాసి, రేవు దగ్గరున్న బోర్డుకు అంటించడం నా పని.

ఆ కాగితంలో మూడు భాగాలు ఉండేవి. మొదటిది నేల: పత్తి తీయవచ్చా, మిరప నాటవచ్చా, మందు కొట్టవచ్చా. రెండోది గాలి: బొగ్గు గనుల కాలనీ హెలిప్యాడ్‌లో హెలికాప్టర్ దిగడానికి మబ్బు ఎంత ఎత్తున ఉంది, గాలి ఎంత వేగంతో ఉంది. మూడోది నీరు: పడవలు నడపవచ్చా, కూడదా. నేల గురించి రైతులు వచ్చి అడిగేవాళ్ళు. గాలి గురించి పెద్ద సార్లు ఫోన్లు చేసేవాళ్ళు. నీళ్ళ గురించి అడిగే మనిషి మాత్రం ఒక్కడే. ఆయనకు చదువు రాదు.

ఆయనే సరంగు మామ. అవతలి ఒడ్డు గూడెం నుంచి ఇవతలికి ఇంజను పడవ నడిపేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా తుమ్మకర్రలా ఉండేవాడు. అడవి పల్లెల ఆడవాళ్ళు అడ్డాకుల కట్టలు, వెదురు చాటలు, తేనె డబ్బాలు పట్టుకుని ఆయన పడవలోనే సంతకు వచ్చేవాళ్ళు. పడవ తీసే ముందు వేళ్ళు ఏట్లో ముంచి రెండు చెవుల వెనకా తడి చేసుకునేవాడు. తల అటూ ఇటూ తిప్పేవాడు. ఏ చెవి ముందు చల్లబడితే గాలి అటు నుంచి ఉందని లెక్క. ఆ చెవులే ఆయన వాతావరణ కేంద్రం. పడవ అంచు మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. మేకలను నడుమ పెట్టించి, మనుషులను చుట్టూ కూర్చోబెట్టేవాడు. ఎవరైనా తొందరపెడితే, "వాన తడుపుతది, గాలి ముంచుతది. నేను భయపడేది వానకు కాదు," అనేవాడు.

నేను చేరిన కొత్తలో ఆయన నన్ను లెక్కచేసేవాడు కాదు. ఆ ఏడు భాద్రపదం చివర్లో ఒక సంత రోజు, తూర్పు నుంచి గాలి లేస్తుందని పడవ కట్టేసి కూర్చున్నాడు. నా కాగితంలో మాత్రం తేటగా ఉంటుందని రాసి ఉంది. ఆడవాళ్ళంతా ఒడ్డున కాచుకుని కాచుకుని తిట్టుకున్నారు. సాయంత్రం దాకా ఆకు కదల్లేదు. నేను రేవుకు వెళ్ళి అందరి ముందూ నవ్వాను.

"మామా, నీ చెవుల కంటే నా మిషన్లే నయం. రేపటి నుంచి నన్ను అడిగి పడవ తియ్యి," అన్నాను.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. మర్నాటి నుంచి నిజంగానే వచ్చి అడగడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర నిలబడి, "ఏంది బిడ్డా, నీళ్ళ ముచ్చట ఏమన్నది కాయితం?" అనేవాడు. నేను చదివేదాన్ని. రెండు వాక్యాలే అయినా తల వంచుకుని వినేవాడు. నాకది గొప్పగా ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఏటి మీద బతికిన మనిషి నా మాట విని పడవ తీస్తున్నాడని అమ్మకు ఉత్తరంలో కూడా రాశాను.

ఒకరోజు నేనే అడిగాను, "ఇంతకీ నువ్వు దేనికి భయపడతావు మామా?" అని.

"ఇక్కడ ఏరు కిందికి పారుతది గద. తూర్పు నుంచి గాలొస్తె నీళ్ళ మీద ఎదురు పడ్తది. నీళ్ళు కిందికి, గాలి మీదికి. గా రెండు కొట్లాడుకునే కాడ పడవ ఉండొద్దు బిడ్డా," అన్నాడు. నాకు ఏ శిక్షణలోనూ అంత తేలికగా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతి ఏడాది, వానలు వెనక్కి తగ్గే రోజులు. ఆ రోజు సంత. అదే రోజు కాలనీకి హెలికాప్టర్లో ఒక పెద్ద మనిషి వస్తున్నాడు. తెల్లవారింది మొదలు ఫోన్లు. ఎన్ని గంటల దాకా తేటగా ఉంటుంది? మబ్బు ఎంత కిందికి దిగుతుంది? ఫ్యాక్సులో స్పష్టంగానే ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, మధ్యాహ్నం నుంచి మార్పు. నేను గాలి భాగాన్ని నాలుగుసార్లు దిద్ది రాశాను. 'మధ్యాహ్నం రెండు తర్వాత ఈశాన్యం నుంచి ఉరుములతో బలమైన ఈదురుగాలులు. ఒంటిగంటలోపు బయలుదేరడం మంచిది.' నేల భాగంలో తీసిన పత్తి ఆరుబయట ఉంచవద్దని రాశాను. నీళ్ళ భాగం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఫోను మోగింది. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పక్కనున్న నిన్నటి కాగితం చూసి ఎక్కించేశాను. 'గాలి తక్కువ. పడవలు నడపవచ్చు.'

ఒకే కాగితం, ఒకే చేతిరాత. పైన ఈదురుగాలి, కింద గాలి తక్కువ. రెంటికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం. అంటించేటప్పుడు కూడా నేను కింది ముక్క చదవలేదు.

తొమ్మిదింటప్పుడు మామ వచ్చాడు. ఆడవాళ్ళను అప్పటికే సంతకు చేర్చాడు, మధ్యాహ్నం మళ్ళీ అవతలికి దాటించాలి.

"నీళ్ళ ముచ్చట ఏంది బిడ్డా?"

"నడపవచ్చు అని ఉంది మామా." నా చెవి దగ్గర ఫోను అలాగే ఉంది.

ఆయన కదల్లేదు. "తూర్పు దిక్కు జెర మసకగున్నది. ఎడమ చెవి ఊకె సల్లబడుతున్నది. ఇంకోపారి సూడరాదు."

"చూసే చెప్తున్నా కదా మామా! పెద్ద సార్లు లైన్లో ఉన్నారు, నాకు పనుంది."

"సరే తల్లీ. సదువుకున్నదానివి," అని వెళ్ళిపోయాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉండి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

హెలికాప్టర్ వచ్చింది. పన్నెండున్నరకే వెళ్ళిపోయింది. నేను చెప్పినట్టే. ఒంటిగంట దాకా హెలిప్యాడ్ దగ్గరే ఉండి, అందరూ బాగుందంటే విని, తిరిగొచ్చి అన్నం తిన్నాను. రెండు దాటాక కిటికీ రెక్క దబ్బున కొట్టుకుంది. బయట బాణం గిర్రున తిరిగి ఈశాన్యానికి నిలిచింది. అప్పుడు నాకు రాసింది గుర్తుకొచ్చింది.

రేవుకు పరిగెత్తేసరికి పడవ నడి ఏట్లో ఉంది. ఆయన చెప్పినట్టే నీళ్ళు కిందికి, గాలి మీదికి. ఆ రెంటి మధ్యా పద్నాలుగు మంది. ఆయన పడవను ఇసుకమేట వైపు తిప్పాడు. మేటకు కొంచెం ఇవతల నీళ్ళలో బండలు ఉన్నాయి. పక్కకు ఒరిగిన పడవ వెళ్ళి ఒక బండకు కొట్టుకుని తిరగబడింది. చేపలు పట్టేవాళ్ళు ఇద్దరు దోనెలు వేసుకుని పోయారు. ఆయన మునుగుతూ తేలుతూ ఒక్కొక్కరినే తోసి మేట ఎక్కించాడు. కొట్టుకుపోతున్న ఒకామెను జుట్టు పట్టి లాగాడు. అందరూ బతికారు. ఆయన కుడిచెయ్యి మాత్రం పడవకూ బండకూ నడుమ పడి నలిగిపోయింది.

ఇది రాయడం తేలిక. రేవులో ఉన్న వాళ్ళంతా చూసిందే. చూడంది ఇక రాస్తాను.

దోనెలు ఒడ్డుకు వస్తుంటే జనమంతా నీళ్ళలోకి దిగారు. టీకొట్టాయన కూడా. నా కాళ్ళు మాత్రం ఏటి వైపు పోలేదు, బోర్డు వైపు నడిచాయి. వానకు జిగురు నానింది కాబట్టి కాగితం తేలిగ్గానే ఊడొచ్చింది. దాన్ని మడిచి చేతిలో దాచుకుంటుండగా నలుగురు మామను నులకమంచం మీద మోసుకుంటూ నా పక్క నుంచి పోయారు. ఆయన స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూశాడు. నా చేతిలో కాగితం చూశాడు. చదవడం రాని మనిషి. అయినా ఆ కాగితాన్ని ఆయన పూర్తిగా చదివేశాడు.

నేను ఆఫీసుకు పోయి ఇంకో కాగితం రాశాను. అదే తేదీ, అదే నేల, అదే గాలి. నీళ్ళ భాగంలో, 'మధ్యాహ్నం తర్వాత ఈదురుగాలుల ప్రమాదం. పడవలు నడపరాదు.' వాన వెలిశాక వెళ్ళి అంటించాను. పాతదాన్ని పొయ్యిలో వేశాను. తడికాగితం కాలడానికి చాలాసేపు పట్టింది.

మూడో రోజు విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. దవాఖానాలో మామ మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను రిజిస్టరు తెమ్మన్నాడు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

"బోర్డు మీద హెచ్చరిక ఉందటగా. చూడలేదా?" అని అడిగాడు ఆయనను.

మామ నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ, "సూడలే సారూ. తొందర్ల పోయిన," అన్నాడు.

"ఎవరినైనా అడిగావా?"

"ఎవల్నీ అడగలే."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు హెచ్చరిక ఉంది కదా?"

"ఉంది సార్," అన్నాను.

నా బతుకులో నేను చెప్పిన అతి చిన్న అబద్ధం అదే. నేను చేసిన పనుల్లో అంత పెద్దది మరొకటి లేదు.

మామ పడవ అనుమతి రద్దయింది. చెయ్యి మోచేతి దగ్గర వంగి అలాగే ఉండిపోయింది. మునుపు ఆయన పడవ కోసం కాచుకుని కూర్చున్న ఆడవాళ్ళే, ఆశకు పోయి తమను ముంచబోయాడని చెప్పుకున్నారు. ఆ నెలలోనే హెలికాప్టర్ సిబ్బంది దగ్గర నుంచి మా ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది, సకాలంలో ఇచ్చిన కచ్చితమైన సూచనకు కృతజ్ఞతలంటూ. పై ఆఫీసులో దాన్ని అందరి ముందు చదివి, నన్ను లేచి నిలబడమని చప్పట్లు కొట్టారు. నిలబడ్డాను.

నేను అప్పుడప్పుడు గూడేనికి వెళ్ళేదాన్ని. పండ్లో, రొట్టెలో పట్టుకుని. చూసేవాళ్ళకు అది మంచితనంలా కనబడేది. ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని. మనసున్న మనిషే గానీ నోరు పెద్దది. నా ముందే ఆయనకు అన్నం పెడుతూ, "తిను, తిను. పద్నాలుగు పాణాలు మింగబోయినోనివి, గీ ముద్ద నీకో లెక్కనా," అనేది. ఆయన ఎడమచేత్తో కలుపుకుని తినేవాడు. నేను ఆ అరుగు మీదే కూర్చుని ఆమె ఇచ్చిన టీ తాగేదాన్ని. ఒక్కసారైనా నోరు తెరవలేదు.

ఒక్కటి మాత్రం మారింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను కాగితంలో నీళ్ళ భాగమే ముందు రాస్తాను, ఏ ఫోను మోగినా. దాన్ని గొప్పగా చెప్పడం లేదు. ఒక మనిషి చెయ్యి పోయాక వచ్చిన బుద్ధి అది.

ఖమ్మం బదిలీ అయినప్పుడు చెప్పిపోదామని వెళ్ళాను. ఆయన ఒడ్డున కూర్చుని, తాడు కొసను కాలివేళ్ళతో తొక్కిపట్టి ఎడమచేత్తో పేనుతున్నాడు. వలలవాళ్ళకు తాళ్ళు పేని ఇచ్చేవాడు. చాలాసేపు పక్కన కూర్చున్నాక అన్నాను.

"మామా, ఆ రోజు కాగితం..."

"ఎర్కనే."

"నేనే తప్పు రాశాను. తర్వాత మార్చాను."

"ఎర్కనే అంటున్న గద." పేనుతున్న చెయ్యి ఆగలేదు. "గని నువ్వు సెప్పినవని నేను పోలే బిడ్డా. గా మబ్బును నేను గూడ జూసిన. సంత జనం కూసున్నరు, పొద్దుగూకకముందు ఇల్లు జేరాలంటున్నరు. నాకు గూడ పోబుద్ధైంది. నువ్వు పర్లేదంటివి. నాకు సాకు దొరికింది. గంతే."

"మరి విచారణలో అట్లా ఎందుకు చెప్పావు?"

"సెయ్యి పోయినోనికి సుక్కాని ఎవలిస్తరు? నా పని ఎట్లనన్న పోయేదే. నీది గూడ పోతె ఎవలికి ఫాయిదా?"

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా తాన సెప్పుడు అల్కగుంటది. నాకు ఎర్కున్నదే గద. ఎర్క లేనోళ్ళ తాన సెప్పు, నీతోనైతె. కాకపోతె లేదు," అన్నాడు. కోపంగా అనలేదు. బరువు ఎంతో చూసి, ఎత్తగలవా అని అడిగినట్టు అన్నాడు.

నాతో కాలేదు. బస్సెక్కి ఖమ్మం వచ్చేశాను. తమ్ముళ్ళ చదువులు అయ్యాయి. పెద్దవాడికి ఉద్యోగం కూడా వచ్చింది. అయినా చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనన్న భయం ఎప్పుడో పోయింది. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలన్న సిగ్గు దాని చోటుకొచ్చి కూర్చుంది. ఏడాదికి ఒకసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఆయన మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నా తమ్ముళ్ళ గురించి పేరుపేరునా అడిగేవాడు.

ఆయన దినాల నాడు వెళ్ళాను. గూడెంలో పందిరి కింద అందరూ ఉన్నారు. ఆనాడు పడవలో ఉన్నవాళ్ళలో ఏడెనిమిది మంది కనబడ్డారు. వడ్డనకు ముందు లేచి నిలబడ్డాను. కాగితం సంగతి, బోర్డు సంగతి, దవాఖానాలో నేను అన్న ఒక్క మాట సంగతి, అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు. చెప్పడం ముగిశాక ఒక మూల విస్తరాకులు తుడుస్తున్న చప్పుడు వినబడింది. కొంతసేపటికి అదీ ఆగిపోయింది.

జుట్టు పట్టి లాగితే బతికిన ఆమె మొదట నోరు విప్పింది. "ఆశకు వోయి మమ్ముల ముంచిండని ఊరూరా సెప్పుకున్న. ఇగ గా మాట ఎవలెవల తాన వోయి ఎన్కకు తెచ్చుకోవాలె మేడం?" అంది.

అత్త గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. "కాయితం మార్చంగ ఆయన జూసిండా?" అని అడిగింది.

"చూశాడు అత్తా."

"నాకు సెప్పలే." కొంగును దగ్గరికి లాక్కుంది. "ఇన్నేండ్లు తిట్టిన. అన్నం పెట్టుకుంట తిట్టిన. నోట్ల ముద్ద ఉండంగ తిట్టిన. ఒక్కనాడన్న 'నాదొక్కనిదే కాదే' అనలే ముసలోడు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చోబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. నన్ను తిట్టలేదు. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా చూశాను. "అన్నం తినిపో. ఇంటికొచ్చినోళ్ళు ఉత్తగ పోవద్దు," అని మాత్రం అంది. తిన్నాను. నా విస్తరికి అటూ ఇటూ రెండు విస్తర్ల చోటు ఖాళీగా ఉండిపోయింది.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా తిరుగు పడవ ఎక్కాను. పడవ సగం ఏరు దాటాక వెనక్కి చూశాను. అత్త ఒక్కతే గట్టు దిగి వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా పట్టించుకోకుండా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి ఆగింది. ఏటి వైపు చూస్తూ ఏదో మాట్లాడుతోంది. ఇంజను మోతలో మాటలు వినబడలేదు. చెయ్యి మాత్రం కనబడుతోంది. ఎదురుగా కూర్చున్న మనిషితో వాదిస్తున్నట్టు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగింది. ఆమె తల కొంచెం పక్కకు వంచి, అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగినట్టు, ఆ నీళ్ళలో అలాగే నిలబడి ఉంది.